పాత లేతు కోసం సీమ దాకా

రిటైరైన వాళ్లు కాశీకి వెళ్తారు, లేకపోతే మోకాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తారు. నేను పాత లేతు కొనడానికి కర్నూలు వెళ్లాను. మా తెనాలిలో ఈ సంగతి చెబితే, "మీకు వర్క్‌షాపు ఉందా మాస్టారూ?" అని అడిగారు. ఉంది. మా ఇంటి స్కూటరు షెడ్డు. స్కూటరు అమ్మేసి, గోడలకు సున్నం కొట్టించి, లేతు బరువుకు ఆగేలా నేలకు ఆరంగుళాల కాంక్రీటు పోయించాను. కాంక్రీటు ఆరగానే మా ఆవిడ విమల అందులో బియ్యం బస్తాలు పెట్టించి, ఇంత ఖర్చుకు ఇదైనా దక్కిందని సంతోషించింది.

లేతంటే తెలియని వాళ్లకు ఒక్క మాట. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ, దానికి పదునైన టూలు ఆనించి, కావలసిన కొలతకు గుండ్రంగా చెక్కే యంత్రం అది. బోల్టు చేయాలన్నా, దాని మీద మరలు కోయాలన్నా, పంపు షాఫ్టు సరిచేయాలన్నా దాని దగ్గరికే వెళ్లాలి.

పాలిటెక్నిక్ కాలేజీలో ముప్పై మూడేళ్లు నేను ఈ లేతు గురించే పాఠం చెప్పాను. బోర్డు మీద లేతు బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాను. ఇంతవరకూ ఊరందరికీ తెలిసిందే. ఎవరికీ తెలియనిది ఒకటుంది. మా ల్యాబులో మిషన్లు నడిపేది ఇన్‌స్ట్రక్టరు. నేను తెల్లచొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. తర్వాత రికార్డు పుస్తకాల మీద సంతకాలు పెట్టేవాణ్ణి. అన్నేళ్లలో నా చేత్తో మొదలుపెట్టి నా చేత్తో ముగించిన బోల్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ మాట విమలకు కూడా చెప్పలేదు. చచ్చేలోగా ఒక్క బోల్టు నేనే చేసి, దానికి నట్టు ఎక్కించి చూసుకోవాలి. సొంత లేతు కావాలని పట్టుబట్టింది అందుకే.

తోడుగా మా బావమరిది రాంబాబు వచ్చాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. లేతుకూ రుబ్బురోలుకూ తేడా తెలియదు గానీ బేరం తెలుసంటాడు. ఎంత చెప్పినా సగానికి అడగడం, అవతలివాడు ఒప్పుకోకపోతే లేచి నిలబడటం, అతని విద్య మొత్తం ఇంతే. వెళ్లిన ప్రతిచోటా, "మా బావ. ముప్పై మూడేళ్లు లేతు మీద పనిచేశాడు" అని నన్ను పరిచయం చేసేవాడు. కాదని నేనెక్కడా అనలేదు. గొంతు సవరించుకుని ఊరుకునేవాణ్ణి.

కర్నూలు

పొద్దున్నే ఉగ్గాని తిన్నాం. మా వైపు మరమరాలనే వాటిని ఇక్కడ బొరుగులంటారు. మేము బెల్లం పాకంలో ఉండలు చుట్టి పిల్లల చేతిలో పెడతాం. ఇక్కడ నీళ్లలో తడిపి, తాలింపు వేసి, పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలతో పెద్దవాళ్లకు పెడతారు. ప్లేటు నలభై. మొదటి బజ్జీలో కారమే లేదని రాంబాబు పెదవి విరిచి రెండోది అడిగాడు. రెండోది తిన్నాక మళ్లీ ఆ మాట అనలేదు. కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు పర్సు వెతుక్కున్నాడు.

హోటలతను నా వైపు తిరిగి, "ఏమప్పా, ఇంగొకటెయ్యాల్నా?" అన్నాడు. అరవై ఒక్క ఏళ్ల లెక్చరర్ని, కళ్లజోడు కూడా పెట్టుకునే ఉన్నాను. మా గుంటూరు వైపు అప్పు ఎగ్గొట్టిన వాణ్ణి కూడా 'రండి, కూర్చోండి' అనే తిడతాం. ఈ అప్పాలో గౌరవం ఉందో లేదో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఉంది. కాకపోతే అది మన మొహం చూసి ఇచ్చేది కాదు, దారిన పోయే అందరికీ సమానంగా పంచేది. అలా పంచితే నాకు మిగిలేదేమిటని కొంచెం ఒళ్లు మండింది కూడా.

పాత మిషన్ల బ్రోకరు పేరు ఖాజా భాయి. మూడు వారాలుగా ఫోన్లో ఫొటోలు పంపుతున్నాడు. ప్రతి ఫొటోలోనూ లేతు ముందు ఆయనే నిలబడి ఉంటాడు, ఆయన పక్కల నుంచి లేతు కొంచెం కనిపిస్తుంది. తీరా వెళ్లి చూస్తే రేకుల షెడ్డులో లేతు పచ్చగా, తళతళా మెరిసిపోతోంది. దాని చుట్టూ ఉన్న తుప్పు సామాను మధ్య పెళ్లికి తయారైనట్టుంది.

"ఎట్ల ఉండాది సార్ మాల్? సింగిల్ హ్యాండ్" అన్నాడు ఖాజా భాయి. "పెద్దాయన ఒకడే వాడినాడు. ఆయన గూడ శానా మెల్లగ వాడినాడు."

టూలు పట్టుకునే భాగం అటూ ఇటూ జారడానికి లేతుకు రెండు పట్టాల్లాంటివి ఉంటాయి. వాటిని కలిపి బెడ్డంటారు. లేతు ఆయుష్షంతా అక్కడే తెలుస్తుంది. కడ్డీ పట్టుకునే చక్కు దగ్గర బెడ్డు మీద గోరు పెట్టి జరిపితే ఎంత అరిగిందో ఇట్టే చెప్పొచ్చు. అక్కడ నూనె రాస్తారు గానీ రంగు వెయ్యరు, వేస్తే జారాల్సింది జారదు. ఖాజా భాయి పెయింటరు ఎంత శ్రద్ధగలవాడంటే ఆ పట్టాలకు కూడా రెండు కోట్లు దట్టించాడు. నేను చక్రం పట్టుకుని తిప్పబోతే అంగుళం కూడా కదల్లేదు.

"కొత్త మాదిరి అయిపోయినాది సార్, అందుకే టైటు. నాలుగు దినాలు తిప్పితే ఫ్రీ అయితాది."

"పట్టాలకు రంగెందుకు వేయించారు భాయి?"

"అంతా ఏసి అదొక్కటి ఇడిసిపెడితే బాగుంటాదా సార్? చూసేటోళ్లు ఏమనుకుంటారు?"

గోరుతో రంగు గీకి చూశాను. కింద బెడ్డు తాంబాళంలా గుంటపడి ఉంది. మెల్లగా వాడిన ఆ పెద్దాయన కనీసం నలభై ఏళ్లు మెల్లగా వాడినట్టున్నాడు. ధర లక్షా ఇరవై వేలట. రాంబాబు అరవై అన్నాడు. ఖాజా భాయికి కోపం రాలేదు, నవ్వి చాయ్ చెప్పాడు. రాంబాబు పద్ధతి ప్రకారం లేచి నిలబడ్డాడు. ఎవరూ ఆపలేదు. చాయ్ వచ్చేదాకా అలాగే నిలబడి, వచ్చాక కూర్చున్నాడు.

నేను మాత్రం వదల్లేదు. అరిగిన ఇనుముకు రంగు పూసి అమ్మడం ఎంత మోసమో ఖాజా భాయికి పావుగంట పాఠం చెప్పాను. ఆయన తల ఊపుతూ బుద్ధిగా విన్నాడు. "ముప్పై మూడేండ్లు లేతు మింద చేయి పెట్టినోళ్లు. మీకు తెల్దా సార్" అన్నాడు చివర్లో. ఆ మాట నాకు చాలా హాయిగా అనిపించింది. రంగు వెయ్యని మిషన్ కావాలంటే డోన్‌లో బండల ఫ్యాక్టరీ ఓనరు దగ్గర ఒకటుందని చెప్పి, మేము వస్తున్నామని ఆయనే అక్కడికి ఫోన్ చేశాడు. బేరం కుదిరితే తనను మరిచిపోవద్దన్నాడు.

డోన్

డోన్ అవతల రోడ్డుకు రెండు పక్కలా బండలు కోసి పాలిష్ పట్టే షెడ్లే. రంపాల కింద నుంచి వచ్చే నీళ్లు తెల్లటి బురదై బయట మడుగులు కట్టి ఉంటాయి. పైన ఎండి గట్టి నేలలాగే కనిపిస్తాయి. నేను కర్నూల్లో మాట్లాడుకున్న కారు దిగి మర్యాదగా అలాంటి నేల మీద కాలు పెట్టాను, పిక్క దాకా దిగిపోయింది. కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు. మిగతా యాత్ర డోన్ బస్టాండు పక్కన కొన్న నూటయాభై రూపాయల రబ్బరు చెప్పులతోనే నడిచింది.

ఓనరు ఓబుళరెడ్డి. గేటు మీద, షెడ్డు గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద ఆయన చేతులు జోడించిన ఫ్లెక్సీలే. ఎవరికి నమస్కారం పెడుతున్నాడో చెప్పలేం, ఎదురుగా బండలు తప్ప ఎవరూ లేరు. మనిషి మాత్రం కల్మషం లేనివాడు. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, మొట్టమొదటి ప్రశ్నే, "మీరేమిటోళ్లు సారూ?" అని అడిగాడు. మా వైపు ఇంటిపేరు అడిగి, ఊరడిగి, ఆ ఊళ్లో ఎవరు తెలుసో అడిగి, అలా చుట్టూ తిరిగి ఈ ప్రశ్నకే వస్తారు. ఈయన నేరుగా తలుపు కొట్టాడు.

"లేతు కొనేవాళ్లమండీ" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి, "సరే, చెప్పకుంటే చెప్పకపోనీ. అన్నం తినాల్సిందే" అన్నాడు. జొన్నరొట్టె, మేము వేరుశెనగ అనే చెనిక్కాయల చట్నీ, నాటుకోడి పులుసు. ఆ రొట్టె విరుస్తుంటే పుల్లలు విరిచినట్టు శబ్దం వస్తుంది. రెండు తినేసరికి నా దవడలు అలిసిపోయాయి. ఆయన ఆరు తిని, ఈమధ్య ఆకలి మందగించిందని బాధపడ్డాడు.

లేతు గోడౌన్ మూలలో ఉంది. ఏటేటా ఆయుధపూజకు పెట్టిన బొట్ల మీద బొట్లు పేరుకుని చక్కు మొహం కనిపించడం లేదు. పైన గోనెపట్టాలు, వాటి మీద పాత ఫ్లెక్సీలు. ఇవన్నీ లాగేసి బెడ్డు మీద చేయి వేశాను. ఎవరో పుణ్యాత్ముడు దట్టంగా గ్రీజు పూసి పెట్టాడు. గోరుతో జరిపితే ఎక్కడా తగల్లేదు. ఈ వయసులో ఒక వస్తువు మీద అంత ఆశ పుట్టకూడదు, పుట్టింది. రాంబాబు చెవిలో, "ఇదే. దీన్ని పోనివ్వొద్దు" అన్నాను. బేరగాడి చెవిలో అనకూడని మాట అది. అతని మొహం వెలిగిపోవడం ఓబుళరెడ్డి చూశాడు.

ఆయన తొంభై అన్నాడు, రాంబాబు నలభై అయిదు అని లేచి నిలబడ్డాడు, చివరికి డెబ్భైకి చేతులు కలిపారు. లారీ మాట్లాడదామని నేను ఫోన్ తీశాను.

"లారీ ఎట్లా వస్తాది గదా సారూ" అన్నాడు ఓబుళరెడ్డి. "వచ్చేటప్పుడు దీని బరువుకు సరిపడా ఇనుము ఏసుకోని రాండి. ఈడ దింపి, దీన్ని ఎత్తుకోని పోండి."

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపికగా చెప్పాడు. లేతు ఉన్నది నైరుతి మూల. నైరుతిలో బరువుండాలని వాస్తు సిద్ధాంతి చెప్పాడు. తొమ్మిదేళ్ల కిందట పాడైన లేతును ఆ మూలకు తోయించింది అందుకే. అది కదిలితే ఆ చోట అంత బరువూ మళ్లీ ఉండాలి.

"చుట్టూ ఇన్ని బండలున్నాయి కదండీ, నాలుగు పెట్టించండి" అన్నాడు రాంబాబు.

"రాయి యాపారం సరుకప్పా. ఈ పొద్దు ఉంటాది, రేపు లారీ ఎక్కుతాది. ఇనుము పోయిన చోట ఇనుమే ఉండాలన్యాడు."

"పనిచేయని మిషన్ కదండీ."

"యాల పన్జేయదు? దీన్ని ఈ మూలకు తోసిన ఏడే ఎంపీటీసీ గెలిసినా. ఇప్పుడు మళ్లా ఎలక్షన్లు వస్తాండాయి. ఈ టయాన కదిలించమంటావా?"

బండలన్నీ తన చుట్టూ ఉన్న మనిషికి బరువు కోసం నేను తెనాలి నుంచి అర టన్ను ఇనుము మోసుకురావాలి. మరి లేతు అమ్ముతానని ఖాజా భాయితో ఎందుకన్నాడని అడిగాను. అమ్మే ఉద్దేశం లేదట. మార్కెట్లో దీని రేటెంతో తెలుసుకుందామని పిలిపించాడట. తెలిసినందుకు సంతోషించాడు. నా కడుపు మండిపోయింది గానీ, ఆ కడుపులోనే ఆయన నాటుకోడి ఉంది. గట్టిగా ఏమీ అనలేకపోయాను.

బయల్దేరుతుంటే ఆయనే జాలిపడి ఒక ఆచూకీ ఇచ్చాడు. ఇదివరకు ఈ ఫ్యాక్టరీ రోలర్లు బాగుచేసిన రత్నమయ్య కడపలో ఉన్నాడు. చూపు తగ్గి మిషన్ అమ్ముతున్నాడు. "బెడ్డు చానా బాగుంటాది. కానీ ఆయప్ప రోంత తిక్క మనిషి. దుడ్లు సూపిస్తే ఇచ్చే రకం కాదు" అన్నాడు. ఆ రోజు విన్న వాటిలో తిక్క మాట అదొక్కటే అనుకోలేకపోయాను.

కడప

కడపలో కారం దోశ తిన్నాం. దోశ మీద ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి మడుస్తారు. అరవై రూపాయలు. ఈసారి రాంబాబు కారం తక్కువైందని అనలేదు. నీళ్ల గ్లాసు చేత్తో పట్టుకునే తిన్నాడు.

రైల్వే లైను వైపు సందులో రత్నమయ్య షెడ్డు. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు. ఎడమ కన్ను తెల్లబడింది, కుడిది దాని దారిలోనే ఉంది. గోడకు చర్చి క్యాలెండరు, దాని మీద బైబిలు వాక్యం. లేతుకు రంగు లేదు, బొట్టు లేదు. యాభై ఏళ్ల నూనె తాగి నల్లగా ఉంది. మంగంపేట ముగ్గురాయి మిల్లుల షాఫ్టులు, బోర్ల పంపు సామాన్లు ఎన్నో దీని మీదే చేశానని చెప్పాడు. గోరుతో బెడ్డు చూశాను. చక్కు దగ్గర వెంట్రుకవాసి అరిగింది, అంతే. అరిగిన సంగతి ఆయనే ముందు చెప్పాడు, ఎంత అరిగిందో కొలిచి మరీ చెప్పాడు. ఈ యాత్రలో అలాంటి అమ్మకందారును అదే చూడటం.

"పాత సామాన్లోళ్లు వచ్చి కేజీ లెక్కన అడుగుతాండారు సారూ" అన్నాడు. "కరగబెట్టేటోళ్లకు యాల ఇయ్యల్ల? ఎనభై అయిదు వేలు. పనిచేసేటోళ్లకయితేనే."

రాంబాబు నోరు తెరిచి, "నలభై..." అన్నాడు.

"ఈయప్పను రోంత బయట కుచ్చోమను సారూ" అన్నాడు రత్నమయ్య, చాలా మెత్తగా. రాంబాబు గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే, తన ధర్మంగా, "మా బావ ముప్పై మూడేళ్లు లేతు మీద పనిచేశాడండీ" అన్నాడు.

రత్నమయ్య మొహం విచ్చుకుంది. "అయితే మంచి చేతికే పోతాది" అన్నాడు. "సారూ, నాకు ఒకటే పద్ధతి. మిషన్ తీసుకునేటోళ్లు ముందు నా ఎదురుగా ఒక మర కోయాల. ఈ నట్టు దానికి ఎక్కాల. మా మేస్త్రి నాకిట్లనే ఇచ్చినాడు. మీకంటే ఇది ఆట గదా." గూట్లోంచి ఒక నట్టు తీసి నా ముందు పెట్టాడు. పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీ చక్కుకు బిగించి, గేర్లు తనే మార్చి పెట్టాడు. కొత్త చెయ్యి పడేముందు ప్రార్థన చేయాలని కళ్లు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. ఆ గదిలో అసలు ప్రార్థన చేసింది నేనే.

మిషన్ తిరిగింది. లివరు దించాను, టూలు కడ్డీ వెంట కదిలింది. మొదటి గీత వెంట్రుకంత సన్నగా, చుట్టలు చుట్టుకుంటూ దిగింది. నా చేతి కింద ఇనుము మీద గీత పడటం అదే మొదటిసారి. ఒళ్లు జలదరించింది, నవ్వొచ్చింది. ఆ సంతోషంలో టూలు వెనక్కి లాగి, లివరు పైకెత్తి, చక్రం తిప్పి మొదటికొచ్చి, మళ్లీ లివరు దించాను. అలా ఆరుసార్లు కోశాను. రెండోసారికే శబ్దం మారిందట, నాకు తెలియలేదు. రత్నమయ్య తల కొంచెం వంచి విన్నాడు గానీ ఆపలేదు.

మిషన్ ఆపాక నట్టు నా అరచేతిలో పెట్టాడు. "ఎక్కించు సారూ."

నట్టు ఒక్క చుట్టు కూడా తిరగలేదు. కడ్డీ మీద మరలు లేవు, ఎలుకలు కొరికినట్టు గీతలున్నాయి.

చేసిన తప్పేమిటో ఆ క్షణంలోనే తెలిసింది. లివరు దించితే టూలును జరిపే పొడవాటి మర కడ్డీ ఈ లేతులో అంగుళాల లెక్కది. నేను కోసేది మిల్లీమీటర్ల మర. ఈ రెండు లెక్కలూ కలవవు కాబట్టి ఒకసారి లివరు దించాక పని ముగిసేదాకా ఎత్తకూడదు. మోటారును వెనక్కి తిప్పి టూలును వెనక్కి తెచ్చుకోవాలి. ఎత్తితే రెండో కోత మొదటి కోత మీద పడదు. ఇది నాకు తెలియదా? ఏటేటా ఐదు మార్కులకు ఇచ్చిన ప్రశ్న ఇది. 'లివరు ఎందుకు ఎత్తరాదు? కారణములు వ్రాయుము.' రాయని వాడికి ఎర్రసిరాతో సున్నా చుట్టేవాణ్ణి, కాగితం చిరిగేలా.

"ఎన్నేండ్లు పనిచేసినామన్యారు సారూ?"

"ముప్పై మూడు" అన్నాడు రాంబాబు గుమ్మంలోంచి.

"నిన్ను అడగలేదప్పా."

లివరు వదులుగా ఉందని చెప్పొచ్చు. కొత్త మిషన్, చెయ్యి అలవాటు కాలేదనొచ్చు. రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి. ఆయన మంచి కన్ను నా మొహం మీదే ఉంది.

"చెప్పాను. చేయలేదు" అన్నాను.

"ఎవురికి చెప్పినావు?"

"పిల్లలకు. పాలిటెక్నిక్‌లో. ఏటా అరవై మందికి."

రత్నమయ్య కడ్డీ విప్పి బొటనవేలితో తడిమాడు. "ఈ కడ్డీ పోతే పోయె" అన్నాడు. "ఆ పిల్లోల్లు?"

రాంబాబు ఫోన్ చూసుకుంటున్నట్టు తల వంచాడు. ఫోన్ జేబులోనే ఉంది.

"చేతులు కడుక్కో" అన్నాడు రత్నమయ్య. "అన్నం తినేసి వచ్చి ఇంగోటి కోయి." ఆ తర్వాత ఆయన నన్ను మళ్లీ సారూ అనలేదు.

సాయంత్రం లాడ్జికి వెళ్తుంటే ఆటోలో రాంబాబు నా వైపు జరిగాడు. "బావా, అక్కకు చెప్పనులే" అన్నాడు. జీవితంలో నాతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "చెప్పు. నేను చెప్పలేను గానీ నువ్వు చెప్పు" అన్నాను.

కడపలోనే, ఇంకో ఆరు రోజులు

రాంబాబు మర్నాడు వెళ్లిపోయాడు. నేను ఉండిపోయాను. రత్నమయ్య షరతు పెంచాడు. వరసగా మూడు కడ్డీలకు నట్టు ఎక్కాలి, అప్పుడే మిషన్. మధ్యలో ఒకటి తప్పితే మళ్లీ ఒకటి నుంచి. అడ్వాన్సు ఇస్తానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. కడ్డీల ఖర్చు మాత్రం తీసుకున్నాడు.

పొద్దున తొమ్మిదికి వెళ్లేవాణ్ణి. తెల్లచొక్కాలు రెండోరోజుకే అయిపోయాయి. బజారులో నూట ఎనభైకి ఒక ముదురు రంగు చొక్కా కొన్నాను. నేను లివరు మీద చెయ్యి వేసినప్పుడల్లా వెనక నుంచి, "దాన్ని ముట్టుకోవాకు" అని వినిపించేది. కళ్లు సరిగ్గా కనిపించని మనిషికి నా చెయ్యి ఎక్కడుందో ఎలా తెలిసేదో నాకు తెలియదు. మధ్యాహ్నం ఆయన భార్య పప్పు, సంగటి పెట్టేది. ఆవిడ కూడా నేను ఎందుకొచ్చానో తెలిసి, జ్వరం వచ్చిన వాణ్ణి చూసినట్టు చూసేది.

మూడోరోజు పాత సామాన్ల వ్యాపారి వచ్చి కేజీకి రెండు రూపాయలు పెంచాడు. "ఉండప్పా. ఈయప్ప నేర్సుకుంటాండాడు" అన్నాడు రత్నమయ్య. ఆ వ్యాపారి నా జుట్టు, కళ్లజోడు, రబ్బరు చెప్పులు చూసి, "ఇప్పుడా?" అన్నాడు. అతన్ని తిట్టాలనిపించింది. అతను అడిగింది న్యాయమైన ప్రశ్నే.

నాలుగోరోజు నట్టు ఎక్కింది. చివరిదాకా, ఎక్కడా పట్టకుండా. దాన్ని తిప్పుతూ విప్పుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, సిగ్గు లేకుండా ఏడ్చాను. రత్నమయ్య నట్టు విప్పి ఉంచుకుని, కడ్డీని వేళ్లతో తడిమి, చెత్త డబ్బాలో పడేశాడు. "ఒకటి" అన్నాడు. మర్నాడు రెండు. ఆ తర్వాతది సగంలో పట్టేసింది. మళ్లీ సున్నా. ఆరోరోజు సాయంత్రం, "ఇంటికి పోయి ఆయమ్మకు మొగం సూపిచ్చి రా. మిషన్ యాడికీ పోదు" అన్నాడు.

తెనాలి

విమలకు రాంబాబు అంతా చెప్పేశాడు. ఆవిడ నా అరచేతులు తిప్పి చూసి కొబ్బరినూనె తెచ్చింది. షెడ్డులో బియ్యం బస్తాలు అలాగే ఉన్నాయి.

రత్నమయ్య అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పాత విద్యార్థుల ఫోన్ గ్రూపులోంచి నంబర్లు తీసుకుని మూడు ఫోన్లు చేశాను. మొదటివాడు బ్యాంకులో ఉన్నాడు, లోను కావాలా సార్ అన్నాడు. రెండోవాడు ప్లాట్లు అమ్ముతున్నాడు, స్థలం కావాలా సార్ అన్నాడు. మూడోవాడు సురేషు. హైదరాబాదులో లేతు షాపులో పనిచేస్తున్నాడు, పదకొండేళ్లుగా.

"ఒక్క సంగతి అడుగుతాను. మిల్లీమీటర్ల మర కోసేటప్పుడు లివరు ఎత్తకూడదని నేను చెప్పాను కదా. నీకు పనికొచ్చిందా?"

సురేషు నవ్వాడు. "అది మీరు చెప్పారు సార్, పరీక్షలో ఐదుకు ఐదు వేశారు కూడా. షాపులో చేరిన మొదటిరోజే లివరు ఎత్తేశాను. మేస్త్రి అందరి ముందూ చెంప మీద లాగి కొట్టాడు. చదువుకున్నవాడివి, ఇదా నువ్వు నేర్చుకున్నదీ అని. అప్పటి నుంచి ఎత్తలేదు సార్." మేస్త్రి మంచివాడేనని, తన తప్పేనని కూడా అన్నాడు.

"తప్పు నీది కాదు. ఆ దెబ్బ నాకు పడాల్సింది" అన్నాను.

ఫోన్లో అతని వెనకాల మిషన్లు తిరుగుతున్న శబ్దం వినిపించింది. తర్వాత ఏమనాలో తెలియక కాబోలు, "లేతు కొంటున్నారని గ్రూపులో చూశాను సార్. కొన్నారా?" అని అడిగాడు.

"ఇంకా ఇవ్వలేదు నాయనా. సోమవారం మళ్లీ వెళ్తున్నాను. నేను పాసైతే ఇస్తానన్నాడు."